నెలసరకుల చీటి

మా యింట నెలసరకుల చీటి వ్రాయుట తరతరములుగా స్త్రీల పని. మా అత్తగారు కాపురమునకు వచ్చిన కొత్తలో వ్రాసిన చీటీలు కొన్ని పాత జమాఖర్చుల పుస్తకములో నేటికిని గలవు. బియ్యము ఇంటిపంట గావున చీటి కెక్కదు. కందిపప్పు, మినుములు, పెసలు, నువ్వులనూనె, చింతపండు, ఎండుమిరపకాయలు, ధనియాలు, బెల్లము, కల్లుప్పు, ఇంగువ—ఇంచుమించుగా పదునాలుగు వస్తువులు. ఇప్పుడు మా తోడికోడలు సెల్‌ఫోనులో వ్రాసికొను చీటిలో నలువదికి తక్కువ లేవు. లెక్క పెరుగుట వింత గాదు. మాకు వింతగా తోచినది వేరొకటి. ఆ పాత చీటీలలో నున్నవన్నియు పంటల పేర్లు. ఈ చీటిలో సగమునకు పైగా కంపెనీల పేర్లు. మినుములన్నచో నేలలో మొలచినదేదో మనకు దెలియును. కంపెనీ పేరు చెప్పినచో లోపల నేమున్నదో ఆ కంపెనీవారికి దెలియవలెను, లేదా పొట్లము వెనుక చీమతలకాయలంత యక్షరములను ఓపికతో చదువువారికి దెలియవలెను.

ఈ యక్షరములను చదువుట మాకు వేడుకకై పట్టుబడిన విద్య కాదు. 2024లో మా మరిదికి ఆఫీసువారు చేయించిన వైద్యపరీక్షలో రక్తమందు చక్కెర హెచ్చుగా నున్నదనియు, కాలేయమునకు క్రొవ్వు పట్టినదనియు తేలినది. అతనికి ముప్పదియెనిమిదేండ్లు. పొగ త్రాగడు, మద్యము ముట్టడు, చూపునకు లావైన మనిషియు గాడు. ఇంటావంటా లేని రోగము వచ్చినదని మా అత్తగారు రెండు రోజులు సరిగా అన్నము తినలేదు. ఇంటావంటా లేకపోయినను దేశమున నిది యింటింటి రోగమే. భారత వైద్య పరిశోధన మండలివారి యండతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వేనుబట్టి మన దేశమున మధుమేహము గలవారు 10 కోట్ల 10 లక్షలమంది. దాని గుమ్మమున నిలిచియున్నవారు మరి 13 కోట్ల 60 లక్షలమంది.

వైద్యుడు మందులు వ్రాసి యిచ్చి, ఒక వారము దినములు నోట బెట్టిన ప్రతి వస్తువును వ్రాసి తెమ్మనెను. మా తోడికోడలు వ్రాసినది. ఉదయము టీతో బిస్కత్తులు, ఫలహారమునకు రొట్టెయు జామును, లేదా పాలలో పోసికొను మొక్కజొన్న అటుకులు, పదకొండింటికి ఆఫీసులో మరల బిస్కత్తులు, మధ్యాహ్నము క్యారియరులో అన్నము, పప్పు, కూర, పెరుగు, సాయంకాలము మిక్స్చరు పొట్లము, ఏడు రాత్రులలో మూడు రాత్రులు నూడుల్సు, ఆదివారము శీతలపానీయము. అనేక దినములలో మా వంటయింట పుట్టిన భోజనము ఒక్కటే యున్నది. తక్కినవన్నియు ఎక్కడో యంత్రశాలలో పుట్టి సంచిలో నింటికి వచ్చినవి. ఆనాటినుండి చీటి వ్రాయు పని మేమును మా తోడికోడలును కలిసి చేయుచున్నాము. ఈ పనిలో నేర్చినదానిలో కొంత సోదరీమణులకు ఉపకరించునని యిచట వ్రాయుచున్నాము.

మొదట నొక మాట. చేయి పడిన తిండి యంతయు చెడ్డదని కొందరు కొత్తగా చదివినవారు భయపెట్టుచున్నారు. దంచుట, విసరుట, నానబెట్టుట, పులియబెట్టుట, ఎండబెట్టుట, ఊరవేయుట—వంటయింట జరుగునది ఇదే గదా! పచ్చిమినుములు నమలి బ్రదికినవారెవరు? పిండి రాత్రంతయు పులియుటచేతనే ఇడ్డెన తేలికగా నరుగును. చేయి యెంతవరకు పడినది, ఏమి తీసివేసినది, ఏమి చేర్చినది అని విచారింపవలెను.

బ్రెజిలు దేశమున సావోపాలో విశ్వవిద్యాలయములోని కార్లోస్ మోంటేరో అను ఆచార్యుడు 2009లో ఈ విచారమునే ముందుకు దెచ్చెను. ఆయనయు, ఆయన సహచరులును తిండిని నాలుగు తరగతులుగా విభజించిరి. ఉన్నదున్నట్లు గాని, కొద్దిపాటి మార్పుతో గాని మన కందునవి మొదటి తరగతి—బియ్యము, పప్పులు, కూరగాయలు, పాలు, గ్రుడ్లు. వంటకు తోడ్పడు నూనె, ఉప్పు, చక్కెర, నేయి రెండవది. ఈ రెంటిని గలిపి చేసిన ఊరగాయలు, జున్ను, సాదా రొట్టె వంటివి మూడవది. నాలుగవ తరగతి కథ వేరు. మొక్కజొన్ననో, సోయానో, గోధుమనో ముక్కలు ముక్కలుగా విడదీసి, గంజిపిండిని, చక్కెరపాకమును, క్రొవ్వును, మాంసకృత్తును వేరువేరుగా లాగి, వానికి రంగు, వాసన, రుచి, నిలువయుండుటకు మందు చేర్చి తిరిగి తిండి రూపునకు దెచ్చిన దది. దీనిని మా యింట కర్మాగారపు తిండి యందుము. గుర్తుపట్టుట సులువు. పొట్లముపై వ్రాసిన వస్తువులలో మీ వంటయింటి డబ్బాలలో నెన్నడును ఉండని పేర్లు ఎన్ని గలవో లెక్కించిన చాలును.

ఇట్టి తిండి హాని చేయుట నిజమేనా, లేక పెద్దలకు కొత్తవస్తువులపై నుండు సహజద్వేషమా అని మా మరిదియే ప్రశ్నించెను. ప్రశ్న సమంజసమైనది. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో, ఇంచుమించు కోటిమందిపై అనేకులు చేసిన పరిశీలనలను ఒకచోట జేర్చి చూచిరి. కర్మాగారపు తిండి హెచ్చుగా తినువారిలో గుండెజబ్బు, మధుమేహము, మనోవ్యాకులత మొదలగునవి హెచ్చుగా గనబడినవి. అయితే అట్టి పరిశీలనలలో తిండియే కారణమో, ఆ తిండి తినువారి బీదతనము, తీరికలేమి కారణమో విడదీయుట కష్టము. కావుననే అమెరికాలో కెవిన్ హాల్ అను శాస్త్రజ్ఞుడు 2019లో ప్రకటించిన పరీక్షకు విలువ. ఆయన 20 మందిని నాలుగు వారములు వైద్యశాలలోనే యుంచెను. రెండు వారములు కర్మాగారపు తిండి, రెండు వారములు వండిన తిండి పెట్టెను. పళ్లెములో వడ్డించిన చక్కెర, ఉప్పు, క్రొవ్వు, పీచు, కేలరీలు రెంటను సమానము. ఎంత కావలెనన్న నంత తినవచ్చును. కర్మాగారపు తిండి తిన్న దినములలో వారు, తమకు దెలియకయే, రోజునకు సుమారు 500 కేలరీలు అధికముగా తినిరి. రెండు వారములలో దాదాపు ఒక కిలో బరువెక్కిరి. వండిన తిండికి మారినప్పుడు అంత బరువు తగ్గిరి. ఐదువందల కేలరీలనగా నాలుగువందల గ్రాములకు కొంచెము తక్కువగా వండిన యన్నము. ఆ తిండిని వారు త్వరత్వరగా తినిరని కూడ తేలినది. మెత్తని తిండి నమలకయే గొంతు దిగును. కడుపు నిండినదన్న మాట మనసునకు జేరులోపల పొట్లము ఖాళీ యగును.

తిండినుండి సారమైన భాగమును తీసి తెల్లగా జేసి యమ్ముట యొక రోగమునకు దారితీసిన కథ తెలుగువారికి పరాయిది గాదు. నూరేండ్ల క్రిందట ఉత్తర సర్కారులలో, అనగా నేటి కోస్తా జిల్లాలలో, బెరిబెరి యను వ్యాధి స్థిరనివాస మేర్పరచుకొని యుండెను. కాళ్లు తిమ్మిరులెక్కి నడక తడబడును. కొందరికి ఒడలు వాచును. ముదిరినచో గుండె యాగిపోవును. చిత్రమేమనగా, దక్షిణమున తమిళ జిల్లాలలో అన్నమే తినువారికి ఈ రోగము అరుదు. భేదము బియ్యములో నున్నది. వారు వడ్లను ముందు ఉడికించి, ఎండబెట్టి, పిదప మరకు పంపు ఉప్పుడు బియ్యము తినిరి. మనవారు పచ్చివడ్లను మరలో తెల్లగా పట్టించి తినిరి. గింజకు పైనున్న తవుడు పొరలో థయామిన్ అను విటమిను కలదు. వడ్లు ఉడికించునపుడు అది గింజలోనికి దిగి నిలుచును. పచ్చివడ్లను తెల్లగా పట్టించినచో తవుడుతో వెడలిపోవును.

ఈ సంగతిని ప్రపంచము కనుగొన్న తీరు కూడ వినదగినది. 1890 ప్రాంతమున జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు పరిశోధనకై కోళ్లను పెంచుచుండెను. సైనికుల వైద్యశాలలో మిగిలిన తెల్లని అన్నము తిని కోళ్లకు కాళ్లు పడిపోయినవి. కొంతకాలమునకు కొత్త వంటవాడొకడు వచ్చి, సైనికుల అన్నము పౌరుల కోళ్లకు పెట్టుట యేమని నిరాకరించెను. కోళ్లు ముడిబియ్యము తిని లేచి తిరుగసాగినవి. ఆ వంటవాని పిసినారితనమునకు లోకము ఋణపడియున్నది. ఐక్మనునకు 1929లో నోబెల్ బహుమాన మిచ్చిరి. ఆ విటమినును 1936లో కృత్రిమముగా తయారుచేసి చూపిన రాబర్ట్ విలియమ్స్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు 1886లో మన నెల్లూరిలో బుట్టినవాడని సోదరీమణులలో నెందరికి దెలియునో! మన దేశమున 1918లో కూనూరున నొక చిన్న గదిలో మెక్కారిసన్ ఆరంభించిన బెరిబెరి విచారణయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర దేశమునకు భోజనవిషయమున సలహా చెప్పుచున్నది.

ఈ కథ చదివి మరను తిట్టుటకు మాకు మనసు రాలేదు. మా అత్తగారి చిన్నతనమున వారి యూరికి మర వచ్చినది. "మర వచ్చిన నాడు ఊరి ఆడవాండ్ర చేతులకు పండుగ, అమ్మాయీ! తెల్లవారుజామున రోకటిపోటు ఎట్టిదో మీకేమి తెలియును?" అని యామె యందురు. పాతకాలపు తిండిని పొగడుచు వ్యాసములు వ్రాయు మగవారిలో రోకలి పట్టినవారు మాకింతవరకు కనబడలేదు. రోకలి తిరిగి రానక్కరలేదు. మరవానిని సింగిల్ పాలిష్ బియ్యమడిగిన ఇచ్చును. దంపుడు బియ్యము అంగడిలో దొరకును. తవుడులో నూనె యుండుటచే నవి త్వరగా ముక్కవాసన కొట్టును, పురుగు పట్టును. కావున నెలకు సరిపడ మాత్రమే కొనవలెను. బియ్యమును నాలుగైదు మారులు పిసికి కడుగుటయు, గంజి వార్చుటయు ఉన్న విటమినును నీళ్లపాలు చేయును. మన యిండ్లలో ఆ కడుగునీళ్లును, గంజియు కుడితిలో గలిపి గేదెకు పోయుచుండిరి. ఇంటిలోనివారందరికంటె గేదె పోషణమే బాగుగా నుండెనన్నమాట. మేము రెండు మారులు తేలికగా కడిగి అత్తెసరు పెట్టుచున్నాము. ముడిబియ్యపు టన్నము గొంతు దిగుట లేదని మా అత్తగారు గొణిగినందున సగము తెల్లబియ్యము కలుపుచున్నాము. ఇది యున్నను మధుమేహము గలవారికి దంపుడు బియ్యమైనను కొలత కొలతయే. మా మరిది కంచములో నన్నము తగ్గి పప్పు, కూర పెరిగినవి.

వనస్పతి కథ మరి యొకటి. ద్రవమైన నూనెలోనికి ఉదజనిని పంపి నేయివలె పేరునట్లు చేయు పద్ధతి యూరపులో బుట్టినది. మన దేశమున డాల్డా 1937లో అంగడి కెక్కినది. నేయి కొనలేని యింట పెండ్లి లడ్లకు అది దేవుడిచ్చిన వరమువలె దోచినది. ఆ పేర్చు పనిలో ట్రాన్సు క్రొవ్వులు పుట్టుననియు, అవి రక్తములో చెడ్డ కొలెస్టరాలును పెంచి మంచిదానిని తగ్గించుననియు 1990లో హాలండు శాస్త్రజ్ఞులు చూపిరి. మన ఆహారభద్రతా ప్రాధికారసంస్థ నూనెలలోను క్రొవ్వులలోను ఈ ట్రాన్సు భాగము 2021లో నూటికి 3కును, 2022 జనవరినుండి నూటికి 2కును మించరాదని శాసించినది. అంగడిలో దిగిన నాటికిని కట్టడి బిగిసిన నాటికిని నడుమ ఎనుబదియైదేండ్లు. ఇన్నేండ్లలో ఎన్ని తరముల వంటయిండ్లు గడచినవో! అందుచేత ఒక వస్తువు అంగట అమ్ముడగుచున్నది గావున మంచిదే యై యుండునని నమ్మి యూరకుండుట మాకు చాలదు.

ఇక పొట్లము వెనుక చదువు. మన దేశపు నిబంధన ప్రకారము లోపలి వస్తువులను బరువు హెచ్చినది మొదలు తగ్గినదానివరకు వరుసగా వ్రాయవలెను. ఈ యొక్క నియమము తెలిసినచో సగము విద్య వచ్చినట్లే. మేమొక రాగి బిస్కత్తుల పొట్లము చూచితిమి. ముఖమున రాగికంకులు, పచ్చని పొలము, తలపాగ చుట్టిన రైతు. వెనుక చూడగా మొదట మైదా, తరువాత చక్కెర, ఆపైన పామాయిలు, ఆ పిమ్మట నెక్కడనో రాగిపిండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన నాటినుండి రాగులకు, కొర్రలకు గౌరవము పెరిగినది. వాని బొమ్మలకు మరింత పెరిగినది. రాగులు కావలెనన్నచో రాగులే కొని పట్టించుకొనుట చౌక.

చక్కెర పేరు మార్చుకొని వచ్చును. లిక్విడ్ గ్లూకోజు, డెక్స్‌ట్రోజు, ఇన్వర్ట్ సిరపు, ఫ్రక్టోజు సిరపు—ఇవన్నియు చక్కెర చుట్టములే. మాల్టోడెక్స్‌ట్రిన్ తీపి తక్కువైనను రక్తములో చక్కెరవలెనే వేగముగా చేరును. ఒక్క పేరున వ్రాసినచో చక్కెర వరుసలో మొదట నిలుచును; నాలుగు పేర్లుగా చీల్చినచో నాలుగును వెనుకకు పోవును. ఈ యుపాయము మాకు తెలిసిన నాడు మా తోడికోడలు పెద్దగా నవ్వినది. బ్యాంకులో అప్పులను ఇట్లే నలుగురి పేర్లమీద చీల్చువారిని తాను రోజును చూచుచుందునన్నది. చేర్చిన చక్కెర రోజునకు 25 గ్రాములకు లోబడి, అనగా ఆరు చెంచాలలోపల, ఉన్న మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. కాఫీటీలలో నెంత పోవుచున్నదో ముందు లెక్క చూచుకొని, మిగిలినదేమో పొట్లములతో పోల్చుకొనవలెను.

ఉప్పును పొట్లముపై ఉప్పని వ్రాయక సోడియమని వ్రాయుదురు. దానిని రెండున్నరతో గుణించిన ఉప్పు వచ్చును. నూరు గ్రాములకు 1,000 మిల్లీగ్రాముల సోడియమున్నచో రెండున్నర గ్రాముల ఉప్పన్నమాట. మనిషికి రోజున కంతటికి 5 గ్రాములు హద్దు. పొట్లముపై "ఒక వడ్డనకు" అని కొన్ని అంకెలుండును. ఆ వడ్డన ఎంతో చూడుడు. రెండు బిస్కత్తులను వడ్డన యని వ్రాసినవారు ఏ యింటి పిల్లలను చూచి వ్రాసిరో తెలియదు.

సంఖ్యలను చూచి మాత్రము బెదరవలదు. ఐ.ఎన్.ఎస్. 300 అనగా ఉసిరికలో నుండు విటమిను సి. 330 అనగా నిమ్మపులుపు. 500 అనునది వంటసోడా కుటుంబము. 102 అను పసుపురంగు, 211 అను నిలువమందు, 621 అను రుచిలవణము చట్టము అనుమతించినవే. ఇవి విషములని కేకలువేయుట మాకు సమ్మతము గాదు. అయితే ఒక వస్తువునకు ఇన్ని రంగులు, ఇన్ని రుచులు అరువు తేవలసివచ్చినదన్న, దాని సొంతరుచి యేమైనదని యడుగవచ్చును గదా.

పొట్లము లేనిది మంచిదనుటయు పొరపాటే. 1998లో ఢిల్లీలో బలురక్కసి నూనె కలిసిన ఆవనూనె తిని వాపురోగమున అరువదిమందికి పైగా మరణించిరి. విడిగా నమ్ము పసుపులో, కారములో రంగులు కలుపుట ఎరుగనివారు లేరు. కొమ్ములు కొని దంచించుకొనుట మేలు. మా అత్తగారి చీటిలోని కల్లుప్పును మేము తిరిగి తేలేదు. అయోడిను కలిపిన పొట్లపు టుప్పే గళగండమునుండి పిల్లలను కాపాడుచున్నది. బెల్లము విషయమున అనకాపల్లి పేరు విని మురియుటకంటె రంగు చూచుట మేలు. బంగారువన్నె బెల్లమును తెల్లబరచుటకు హైడ్రోసు వాడుటయు కలదు. నల్లగా, ముదురుగా నున్నదే నమ్మదగినది. బెల్లమైనను చక్కెరయేనని మా అత్తగారు నేటికిని ఒప్పుకొనలేదు.

చీటి మారుచున్న కొలది మా తోడికోడలి ముఖము చిన్నబోయినది. ఒకనాడామె యిట్లనెను: "అక్కా, మీరు చెప్పినదంతయు నిజమే. తొమ్మిదిన్నరకు నేను బ్యాంకులో నుండవలెను. ఆ మొక్కజొన్న అటుకుల పొట్లమును కనిపెట్టినవాడు నాకు ఉదయమున అరగంట యిచ్చినాడు. ఆ యరగంటను మీరందరు కలిసి నాయొద్దనుండి తిరిగి పుచ్చుకొనుచున్నారు." ఇందులో అబద్ధ మేమున్నది? ఆరోగ్యమును గూర్చి వ్రాయువారందరు చివరకు ఆ బరువును ఇల్లాలి నెత్తినే దించుదురు. మర వచ్చి రోకటిపోటు తీసినట్లే ఈ పొట్లములును ఆమెకు కొంత వెసులుబాటు నిచ్చినవి. పొట్లము మానవలెనన్నచో ఆ యరగంట వేరొకరు ఈయవలెను.

కావున పని పంచితిమి. ఆదివారము గ్రైండరులో పిండి రుబ్బుట మా మరిది వంతు. మందుచీటిలో వైద్యుడు పిండి కూడ వ్రాసినాడని చెప్పితిమి. మొదట నవ్వెను, ఇప్పుడు ఇంటిలో నందరికంటె పిండి పదును బాగుగా నెరిగినవాడు అతడే. మా వారు శనివారము సాయంకాలము కూరగాయలు తెచ్చి ఆకుకూరలు బాగుచేయుదురు. పెసలు, సెనగలు నానబోయుట మా అత్తగారు తామే అడిగి పుచ్చుకొనిరి. ఆఫీసునకు బిస్కత్తులకు బదులు వేయించిన సెనగలు, వేరుసెనగలు, ఒక జామకాయ. మరమరములలో ఉల్లిపాయ, నిమ్మరసము కలుపుటకు నూడుల్సునకు పట్టునంత కాలమైనను పట్టదు. వేయించి నిలువచేసిన రవ్వ యుండగా ఉప్మా పదునైదు నిముషములు. రాత్రి తీరిక లేనినాడు పెసరపప్పు, బియ్యము, కూరగాయముక్కలు కుక్కరులో నొకటిగా వేయుదుము. పెరుగు పొట్లము, శుభ్రపరచిన పప్పుపొట్లము, మంచుగడ్డలో నుంచిన బటాణీ ఇంటికి వచ్చుచునే యున్నవి. వానిలో హాని లేదు, కాలము కలిసివచ్చును. నెలాఖరున లెక్క చూడగా ఖర్చు తగ్గినది. బంగాళాదుంపలు కిలో ధరకును, చిప్సు పొట్లమును కిలోకు లెక్కగట్టిన ధరకును ఒకమారు గుణించి చూచిన కారణము తెలియును.

పిల్లల విషయమున కష్టము హెచ్చు. మరిది కూతురికి ఎనిమిదేండ్లు. పాలలో కలుపు పొడి లేనిదే గ్లాసు ముట్టకుండెను. డబ్బాపై ఎత్తు పెరుగు బాలుని బొమ్మ యున్నది. వెనుక చక్కెర రెండవ వస్తువు. చట్టములో ఆరోగ్యపానీయ మను పేరే లేదని 2024 ఏప్రిలులో ఆహారభద్రతా ప్రాధికారసంస్థ ప్రకటించి, ఆ తలకట్టు క్రింద ఇట్టి పొడులను అమ్మవలదని అంతర్జాల వర్తకులకు చెప్పినది. ఇంతకంటె దారుణమైనది ఓ.ఆర్.ఎస్. సంగతి. విరేచనములైన బిడ్డకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారము లీటరు నీటికి పదమూడున్నర గ్రాముల గ్లూకోజును, లవణములును తగినపాళ్లలో కలిపి యీయవలెను. ఆ యక్షరములనే పేరులో నిమిడ్చి, ఆ కొలతకు అనేకరెట్లు తీపియైన పానీయములను పెట్టెలలో అమ్మిరి. చక్కెర హెచ్చినచో విరేచనములు మరింత హెచ్చును. దీనిపై హైదరాబాదులోని శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడినది. 2025 అక్టోబరు 14న, ఆ కొలత లేని యే పానీయముపైనను ఓ.ఆర్.ఎస్. అను నక్షరములు వాడరాదని ఉత్తరువు వెలువడినది. ఒక స్త్రీ పట్టుదలతో పొట్లముమీది మూడక్షరములు చెరిగినవి. బిడ్డకు విరేచనములైనపుడు పేరు గాక పొట్లముపై ఆ కొలత ఉన్నదో లేదో చూచి కొనుడు.

మా అత్తగారితో తగవొకటి తీరకయే యున్నది. చిప్సు పొట్లముపై ఉప్పు లెక్క చూచిన కన్నులతోనే మేము ఆవకాయ జాడీవంకయు, అప్పడముల డబ్బావంకయు చూచితిమి. రక్తపోటు గల యింట ఈ రెండును లెక్కలోనివే. ఇంటిలో చేసినంతమాత్రమున ఉప్పు ఉప్పు గాక పోదు. "నా చేతి ఆవకాయను కంపెనీవాని పొట్లముతో కట్టుదురా?" అని యామె వారము దినములు మాటాడలేదు. ఇప్పుడు జాడీ చిన్నదైనది. అప్పడములు వేయించుట పండుగలకే. ఆవకాయ మాత్రము రోజును కంచములో కనబడుచునే యున్నది; ఆమె వయసును తలచి మేమును చూడనట్లూరకున్నాము.

మా మరిదికి పిమ్మట చేసిన పరీక్షలలో చక్కెర తగ్గినది. ఒక మందును వైద్యుడు సగము చేసెను. కాలేయపు మాట ఇంకను తేలవలసియున్నది.

ఇంత చదువు ప్రతి తల్లికిని సాధ్యము గాదని మాకు దెలియును. అద్దములు లేనిదే కనబడని యక్షరములు, అవియు ఇంగ్లీషులో. హైదరాబాదు సంస్థవారు 2024 మే నెలలో ప్రకటించిన 17 సూత్రములలో పొట్లపు చీటీలు చదువుడని ఒకటి యున్నది. అందులోనే మన దేశపు రోగభారములో నూటికి 56.4 వంతులు చెడుతిండివలన గలుగుచున్నవని చెప్పిరి. ఇంత భారమును వెనుకనున్న చిన్న యక్షరములకు వదలుట న్యాయమా? చిలీ దేశమున 2016 జూన్‌నుండి చక్కెర, ఉప్పు, క్రొవ్వు, కేలరీలు హద్దుమీరిన పొట్లముల ముఖముననే నల్లని యెనిమిదికోణముల ముద్ర వేయించుచున్నారు. చదువురాని తల్లియు ముద్రలు లెక్కించుకొనగలదు. మన దేశమున 2022 సెప్టెంబరులో ప్రకటించిన ముసాయిదాలో అరనక్షత్రము మొదలు ఐదు నక్షత్రములవరకు వేయు పద్ధతిని సూచించిరి. ఎంత తక్కువ మంచిదైనను ఒక నక్షత్రమో అరయో దక్కును. మాకు నల్లముద్రయే నచ్చినది. నిన్న మరిది కూతురిని పిలిచి, బిస్కత్తుల పొట్లముపై రెండు నక్షత్రములున్న నీవేమనుకొందువని యడిగితిమి. "బడిలో మాకు బాగుగా వ్రాసినవాళ్లకే నక్షత్రము పెట్టుదురు, పెద్దమ్మా" అన్నది.